మంచు మీద మూడు రోజులు

మన భాషలో మంచు అనే మాట ఒక్కటే. క్రిస్మస్ నెలలో తెల్లవారుజామున వరి కుప్పలను కప్పే పొగనూ మంచు అంటాం. గడ్డిపరక మీద నిలిచిన నీటి బొట్టునూ మంచు అంటాం. హిమాలయాల మీద మోకాలి లోతున పేరుకునే తెల్లని పొడినీ మంచే అంటాం. మొదటి రెండూ మనం పుట్టినప్పటి నుండి ఎరిగినవే. చలి చూడాలని చింతపల్లి దగ్గరి లంబసింగి దాకా వెళ్ళివచ్చిన వారు కూడా మనలో చాలామంది ఉన్నారు. మూడవది మాత్రం క్యాలెండరు బొమ్మల్లోనూ సినిమా పాటల్లోనూ చూసి, అది డబ్బున్నవారి సంగతిలే అని ఊరుకుంటాం.

ఆ మంచు మీద కాళ్ళకు పొడవాటి పలకలు కట్టుకొని జారడాన్ని స్కీయింగ్ అంటారు. అది విదేశాలకు వెళ్ళిన వారికే తప్ప మనబోటి వారికి కాదని అనుకోనక్కరలేదు. ముందుగా ఆలోచించుకొని, వారం మధ్యలో వెళ్తే, ఒక సామాన్య కుటుంబం కూడా అప్పు చేయకుండా హిమాచల్ ప్రదేశ్‌లోని మనాలీకి వెళ్ళి రావచ్చు. ఈ రోజుల్లో మన గ్రామాల పిల్లలెందరో పంజాబు విశ్వవిద్యాలయాల్లో చదువుతున్నారు. చండీగఢ్, మొహాలీ, ఢిల్లీలలో ఉద్యోగాలు చేస్తున్నవారూ, సైన్యంలో ఉన్నవారూ ఉన్నారు. వారిని చూడడానికి వెళ్ళే తల్లిదండ్రులను ముఖ్యంగా మనసులో ఉంచుకొని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

వారం మధ్యలోనే ఎందుకు?

మనాలీకి ఢిల్లీ, పంజాబు, హర్యానాల నుండి జనం శుక్రవారం రాత్రి బయలుదేరి వస్తారు. శని, ఆదివారాల్లో గదుల అద్దె పెరుగుతుంది. మంచు వాలులకు వెళ్ళే దారిలో కార్లు బారులు తీరుతాయి. నేర్పేవారికి తీరిక ఉండదు. అదే మంగళ, బుధ, గురువారాల్లో గది బేరమాడి తీసుకోవచ్చు. నేర్పే అతను కూడా నిదానంగా, ఓపికగా నేర్పుతాడు. క్రిస్మస్ నుండి నూతన సంవత్సరం వరకు ఉండే రోజులు, జనవరి 26 చుట్టూ ఉండే సెలవులు అన్నిటికంటే ఖరీదైనవి. ఫిబ్రవరి రెండవ, మూడవ వారాలు మంచివి. అప్పటికి మంచు బాగా పేరుకొని ఉంటుంది, పగటి వేళ కొంచెం పొడవవుతుంది. సోమవారం రాత్రి బయలుదేరి శుక్రవారం ఉదయానికి తిరిగి వస్తాము గనుక ఆదివారం ఆరాధనకు కూడా భంగం ఉండదు.

ప్రయాణం

విశాఖపట్నం నుండి ఏ.పి. ఎక్స్‌ప్రెస్, హైదరాబాదు నుండి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఢిల్లీకి చేరుస్తాయి. 2024 నవంబరు నుండి రైలు టికెట్లు 60 రోజుల ముందు మాత్రమే ఇస్తున్నారు. కాబట్టి ఫిబ్రవరి ప్రయాణానికి డిసెంబరులోనే సిద్ధపడాలి. ఢిల్లీలో కాశ్మీరీ గేట్ బస్టాండు నుండి, చండీగఢ్‌లో 43వ సెక్టారు బస్టాండు నుండి హిమాచల్ ప్రభుత్వ బస్సులు మనాలీకి వెళ్తాయి. బిలాస్‌పూర్, మండీ, కులు దాటుకుంటూ, బియాస్ నది ఒడ్డు వెంబడి ఎక్కుతుంది ఆ దారి. చండీగఢ్‌లో రాత్రి బస్సు ఎక్కితే తెల్లవారేసరికి మనాలీలో ఉంటాం. ఒక రాత్రి గది అద్దె కూడా మిగులుతుంది. కొండ మలుపుల్లో వాంతులు అయ్యేవారు బస్సు ఎక్కేముందు తేలికగా తిని, ముందు సీట్లలో కూర్చుంటే మంచిది.

మనాలీ సముద్ర మట్టానికి సుమారు 2,050 మీటర్ల ఎత్తున ఉన్నది. స్కీయింగ్ నేర్పే సోలంగ్ లోయ అక్కడికి 13 కిలోమీటర్ల దూరంలో, సుమారు 2,500 మీటర్ల ఎత్తున ఉన్నది. అందుచేత చేరిన రోజున తొందరపడకూడదు. మంగళవారమంతా విశ్రాంతి తీసుకోండి. దగ్గరలోని వశిష్ఠ గ్రామంలో వేడినీటి బుగ్గలు ఉన్నాయి. ప్రయాణపు బడలిక అక్కడ తీరుతుంది. గుండె జబ్బు, ఉబ్బసం, ఎక్కువ రక్తపోటు ఉన్నవారు ఇంటి దగ్గరే వైద్యుని అడిగి రావాలి.

మంచు వాలు మీద

సోలంగ్‌లో మొదటిసారి నిలబడినవారికి కనిపించేది మెల్లగా దిగే తెల్లని మైదానం, చుట్టూ దేవదారు చెట్లు, వాటి వెనుక కన్ను మిరుమిట్లు గొలిపే శిఖరాలు. ఎత్తైన కొండ అంచు నుండి దూకడం మన పని కాదు. క్రొత్తవారికి నేర్పేది చిన్న వాలు మీదనే.

గట్టి బూట్లు తొడిగి వాటిని స్కీలకు బిగిస్తారు. రెండు చేతులకు రెండు కర్రలు ఇస్తారు. మొదటి అరగంట జారడం ఉండదు. నేల మీద నడవడం, పొలం గట్టు ఎక్కేటప్పుడు అడ్డంగా అడుగులు వేసినట్టు వాలు ఎక్కడం, పడిపోవడం, లేవడం మాత్రమే నేర్పుతారు. అవును, పడడం కూడా నేర్పుతారు. వెనక్కి గాని ముందుకు గాని కాక, ప్రక్కకు, తొడ మీద వాలిపోవాలి. ఆపడానికి స్కీల ముందు కొనలను దగ్గరికి, వెనుక కొనలను దూరంగా పెట్టాలి. పైనుండి చూస్తే పూరింటి కప్పులాగా కనబడుతుంది. మోకాళ్ళు వంచి, బరువును కొంచెం ముందుకు ఉంచాలి. భయపడి వెనక్కి వాలితే స్కీలు మన మాట వినవు. ఇంత చెప్పినా మొదటి రోజు అందరూ పడతారు. మెత్తని మంచు గనుక సాధారణంగా దెబ్బ తగలదు, గట్టిగా పడితే బూటు దానంతట అదే స్కీ నుండి విడిపోతుంది.

ఆ చుట్టుప్రక్కల ఊళ్ళన్నీ ఆపిల్ తోటల రైతుల ఊళ్ళే. సోలంగ్‌కు దగ్గరలోని బురువా గ్రామపు అమ్మాయి ఆంచల్ ఠాకూర్ ఈ వాలుల మీదనే నేర్చుకొని, 2018 జనవరిలో టర్కీలో జరిగిన పోటీలో కాంస్య పతకం గెలిచింది. స్కీయింగ్‌లో మన దేశానికి అంతర్జాతీయంగా వచ్చిన మొదటి పతకం అదేనని అప్పట్లో చెప్పుకున్నారు. మనాలీలో 1961లో స్థాపించిన ప్రభుత్వ పర్వతారోహణ శిక్షణ సంస్థ ఉన్నది. ఇప్పుడు దానిని అటల్ బిహారీ వాజ్‌పేయి పేరుతో పిలుస్తున్నారు. శ్రద్ధగా నేర్చుకోవాలనే యౌవనస్థులకు చలికాలంలో అక్కడ సుమారు రెండు వారాల కోర్సులు ఉంటాయి.

ఖర్చు లెక్క

రెండేళ్ళ క్రితం ఫిబ్రవరిలో మేము నలుగురం వెళ్ళాం. మొహాలీలో ఉద్యోగం చేసే మా అబ్బాయి డ్యూటీల మూలంగా రెండు క్రిస్మస్‌లకు ఇంటికి రాలేకపోయాడు. అందుకని మేమే అమ్మాయిని వెంటబెట్టుకొని అతని దగ్గరకు వెళ్ళాం. చండీగఢ్ నుండి తిరిగి చండీగఢ్ వరకు అయిన ఖర్చు ఇది. బస్సు చార్జీలు 5,100 రూపాయలు. నాలుగు పడకల గదికి రెండు రాత్రులు 3,000. భోజనాలు 4,200. మంచు దుస్తులు, బూట్ల అద్దె 1,500. సోలంగ్‌కు రానుపోను 800. పిల్లలిద్దరికి రెండు పూటలు స్కీయింగ్, సామాను అద్దెతో సహా 4,000. టీలు, మేజోళ్ళు, చిల్లర ఖర్చులు 1,200. వెరసి 19,800 రూపాయలు. ధరలు ఏటేటా మారుతాయి గనుక మీరు మరో నాలుగైదు వేలు దగ్గర ఉంచుకోండి. నెలకు 1,700 చొప్పున ఏడాది దాచితే ఈ ఖర్చు సరిపోతుంది.

ఎక్కడ తగ్గించవచ్చో, ఎక్కడ తగ్గించకూడదో తెలిసి ఉండాలి. మంచు దుస్తులు కొననక్కరలేదు, సోలంగ్ దారి పొడవునా అద్దెకిచ్చే కొట్లు ఉన్నాయి. తడిగా ఉన్నవి మాత్రం తీసుకోవద్దు. నలుగురూ స్కీలు కట్టనక్కరలేదు. నేనూ నా భార్యా ఎండలో కూర్చొని పిల్లలు పడుతూ లేస్తూ ఉంటే చూసి నవ్వుకున్నాం. ఇంటి నుండి తెచ్చుకున్న కందిపొడి, ఆవకాయ ఉంటే అక్కడి వేడి అన్నం, రాజ్మా చాలు. అయితే నేర్పేవానికి ఇచ్చే డబ్బు దగ్గర లోభించకూడదు. పర్యాటక శాఖ గుర్తింపు కార్డు అడిగి చూడండి. ఎంతసేపు నేర్పుతాడు, హెల్మెట్ ఇస్తాడా, సామాను అద్దె అందులోనే కలిసి ఉన్నదా అని ముందే మాట్లాడుకోండి. స్కీలు కట్టి ఫొటో తీసి పది నిమిషాల్లో పంపించేవారు కూడా అక్కడ ఉంటారు.

జాగ్రత్తలు

నూలు బట్ట తడిస్తే ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. లోపల ఉన్ని బట్టలు, రెండు జతల ఉన్ని మేజోళ్ళు ఉండాలి. లాహౌల్ ప్రాంతపు స్త్రీలు అల్లిన మేజోళ్ళు మనాలీలో దొరుకుతాయి. ఆ అల్లిక వెనుక మనకు తెలియవలసిన చరిత్ర ఉన్నది. 19వ శతాబ్దం మధ్యలో మొరేవియన్ మిషనరీలు కనుమ ఆవలి కేలాంగ్‌లో నివసించి, అక్కడి స్త్రీలకు సూదులతో అల్లడం నేర్పారు. ఆ పని ఇప్పటికీ ఎన్నో ఇళ్ళకు ఆధారం. 2021లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒకప్పుడు చలికాలమంతా రోహ్‌తాంగ్ కనుమ మూసుకుపోయి ఆ ప్రాంతానికి దారి ఉండేది కాదు. 2020 అక్టోబరులో 9 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచిన తరువాత రాకపోకలు సులువయ్యాయి.

తెల్లని మంచు మీద ఎండ పడితే కళ్ళు మండుతాయి, ముఖం కమిలిపోతుంది. నల్ల కళ్ళద్దాలు తప్పనిసరి. ఉదయం పూట రోడ్డు మీద నీరు అద్దంలా గడ్డకట్టి ఉంటుంది, కంటికి కనబడదు. పెద్దవారు చేయి పట్టుకొని నడవాలి. గుర్తు పెట్టిన వాలు దాటి వెళ్ళవద్దు. బాగా మంచు కురిసిన మరునాడు కొండ చరియల నుండి మంచు ఒక్కసారిగా కూలుతుంది. పోలీసులు నెహ్రూ కుండ్ దగ్గర వాహనాలు ఆపితే వాదించక వెనక్కి రండి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటి. చలికి తాళలేక బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకొని తలుపులు మూసి నిద్రపోవద్దు. రంగు, వాసన లేని విషవాయువు గదిని నింపి, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మన ఇళ్ళలో కిటికీలు, పెంకుల సందులు ఉంటాయి గనుక మనకు ఆ అనుభవం లేదు. అక్కడి గదులు గాలి చొరకుండా బిగించి ఉంటాయి. కరెంటు హీటరు అడగండి, దాని అద్దె ముందే తెలుసుకోండి. ఏదైనా జరిగితే మనాలీలోనే లేడీ విల్లింగ్డన్ ఆసుపత్రి అనే మిషన్ ఆసుపత్రి ఉన్నదని గుర్తుంచుకోండి.

మంచు లేకపోతే?

ఈ మధ్య కొన్ని సంవత్సరాల్లో మంచు ఆలస్యంగా, తక్కువగా కురుస్తోంది. బయలుదేరే ముందు గది యజమానికి ఫోను చేసి సోలంగ్‌లో మంచు ఉన్నదా అని అడగండి. స్కీయింగ్‌కు ముందుగా డబ్బు కట్టవద్దు. మంచు లేకపోతే ఆ సొమ్ము మిగులుతుంది. దేవదారు అడవి, నది, ఎదురుగా తెల్లని శిఖరాలు ఎలాగూ ఉంటాయి.

వరి ధర, పిల్లల ఫీజులు చూసుకొనే మనకు ఈ ఆటలెందుకని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అప్పు ఉన్నవారు ముందు అప్పు తీర్చాలి. వడ్డీకి తెచ్చి మంచు చూడవద్దు. అయితే ఒక్క పూట విందుకూ, ఫ్లెక్సీలకూ దీనికి ఎన్నో రెట్లు ఖర్చు పెట్టే ఇళ్ళు కూడా మన మధ్య ఉన్నాయి. మేము ఆ రెండు రాత్రులు ఒకే గదిలో, ఒకే హీటరు చుట్టూ కూర్చున్నాం. ఫోనులో ఎన్నడూ చెప్పని సంగతులు మా అబ్బాయి అప్పుడు చెప్పాడు. ఉద్యోగంలో పడుతున్న ఒత్తిడి, ఒంటరిగా తినే భోజనం, ఇంటికి రావాలని ఉన్నా అడగలేకపోయిన సెలవు. వాళ్ళమ్మ రాత్రి చాలాసేపు అతని తల నిమురుతూ వింటూ ఉన్నది.

దూరాన ఉన్న మీ పిల్లలకు ఈ వారమే ఒక ఉత్తరమో ఫోనో చేసి, వచ్చే ఫిబ్రవరిలో ఏ వారం వీలవుతుందో అడగండి. సెలవు మంగళవారం నుండి గురువారం వరకు అడగమనండి. నాలుగు ఉన్ని మేజోళ్ళ జతలు, ఒక సీసా ఆవకాయ ఇప్పటి నుండే ప్రక్కన పెట్టుకోండి. తక్కినది నెమ్మదిగా సమకూర్చుకోవచ్చు.