మా కోడలు రాసిన ఒక పేజీ

కిందటేడు వేసవిలో అమెరికాలో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. ఓ రాత్రి మంచినీళ్ళకి లేస్తే కోడలు వంటింటి బల్ల దగ్గర లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది.

"ఇంకా పడుకోలేదేమ్మా?"

"ప్రపోజల్ అత్తయ్యా, గడువు రెండు రోజులే."

తను స్కూల్ సైకాలజిస్టు. చదువులో వెనకబడ్డ పిల్లల్ని పరీక్షించి, ఏ సాయం కావాలో టీచర్లకీ తల్లిదండ్రులకీ చెబుతుంది. వీళ్ళకి 1969లో పెట్టుకున్న జాతీయ సంఘం ఉంది. 500 మంది పిల్లలకి ఒక సైకాలజిస్టు ఉండాలంటుంది. ఏటా జరిగే సభలో మాట్లాడాలంటే, ఏం చెబుతామో ముందుగా రాసి పంపాలి. అంతకుముందు ఏడాది తనది తిరిగొచ్చింది.

చదివి వినిపించమన్నాను. భాష, సంస్కృతి, చట్టం, పరీక్షలు... పెళ్ళి విస్తరిలా అన్నీ ఉన్నాయి.

"ఇది విన్నవాళ్ళు మర్నాడు బడికెళ్ళి ఏం చేస్తారమ్మా?" అన్నాను.

కాసేపు ఊరుకుంది. తర్వాత పేరు చెప్పకుండా ఓ తల్లి సంగతి చెప్పింది. మీటింగులో అన్నిటికీ తలూపి సంతకం పెట్టిందట. బయటికొచ్చాక చిన్నగా, "మా వాడికి పిచ్చా మేడమ్?" అని అడిగిందట.

నాకు మా తమ్ముడు గుర్తొచ్చాడు. అక్షరాలు తారుమారుగా రాసేవాడు. మొద్దని పేరు పెట్టి ఏడో తరగతిలో మాన్పించారు. ఇప్పుడు ఏ మోటారైనా విప్పి బిగిస్తాడు. సంతకమంటే మాత్రం ఈనాటికీ చెయ్యి వణుకుతుంది.

"ఆ తల్లి గురించే రాయి" అన్నాను.

పాతదంతా చెరిపేసింది. సమస్య ఒక్కటే: తలూపిన తల్లికి నిజంగా అర్థమైందా? విన్నవాళ్ళు నేర్చుకెళ్ళేవి మూడు. పెద్ద పెద్ద మాటలు మాని మామూలు మాటల్లో చెప్పడం. పిల్లాడి చేత అనువాదం చేయించకుండా, దుబాసీని పిలిచి ముందే విషయం వివరించడం. చివర్లో "ఇంటికెళ్ళి మీవారికి ఏం చెబుతారు?" అని అడిగి, ఆవిడ మాటల్లోనే వినడం. ఒక్కోదానికి ఎన్ని నిమిషాలో, ఏ పరిశోధన ఆధారమో కూడా రాసింది. చదువుతుంటే నాకే అర్థమైంది.

నేను ఊరొచ్చేశాక ఫోన్ చేసింది. "ఒప్పుకున్నారు అత్తయ్యా!"

ఆ సాయంత్రమే తమ్ముడికి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఆ పిల్లాడు బావున్నాడా అక్కా?" అన్నాడు చివరికి.