ఉత్సర్గమూ అపవాదమూ

ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. సూత్రం కట్టడం నాకు కొత్తేమిటి అనుకున్నాను. ఆ అహంకారం ఎలా అణగిందో మీతో చెప్పుకోవాలి.

నా వేగుపెట్టె నిండా చెత్త జాబులే. కొనని లాటరీలో కోట్లు తగిలాయని ఒకరు, తెరవని ఖాతా మూతబడుతుందని మరొకరు. వీటి వంశం పాతదే. 1978 మే 3న అమెరికాలో గ్యారీ థ్యూర్క్ అనే ఉద్యోగి తమ సంస్థ కంప్యూటర్ల ప్రచారం కోసం ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకే జాబు పంపారు. ఈ జాతికి అదే మూలపురుషుడు.

కొంతకాలంగా మరో రకం మొదలైంది. పసిబిడ్డకు కిడ్నీ మార్పిడి, తక్షణం డబ్బు పంపండి అని. పేరు మారుతుంది, ఫొటో మారదు. విసిగిపోయి, జీమెయిల్ సెట్టింగులలో ఫిల్టర్ల పుట తెరిచి, ‘కిడ్నీ’ అన్న మాట ఉన్న ప్రతి జాబునూ తొలగించమని నియమం పెట్టాను. సూత్రమంటే ఇంత పొట్టిగా ఉండాలి అని మురిసిపోయాను కూడా.

ఇరవై రోజులు పెట్టె నిర్మలంగా ఉంది. తరువాత ఏదో రసీదు కోసం చెత్తబుట్ట తెరిస్తే, అందులో మస్కట్ నుంచి పూర్వవిద్యార్థి జాబు! వజ్రపుకొత్తూరు మండలం కుర్రవాడు. “మాస్టారూ, నాన్నకు కిడ్నీలు పాడయ్యాయి. పలాసలో డయాలసిస్ చేస్తున్నారు. నేను ఇప్పట్లో రాలేను. మీ మాటంటే ఆయనకు గురి. ఒక్కసారి చూసి ధైర్యం చెప్పరా?”

అది వచ్చి 19 రోజులు. ఆ బుట్టలో జాబు నిలిచేది 30 రోజులే.

టెక్కలిలో కాపురముంటూ, ఉద్దానం పిల్లలకు చదువు చెప్పినవాణ్ణి నేను. కవిటి, సోంపేట, మందస మొదలుకొని ఆ జీడితోటల, కొబ్బరితోటల నడుమ ఏ ఊరికి వెళ్ళినా వినబడే మాట అది. ఆ వ్యాధికి మూలకారణం వైద్యులకే ఇంకా పూర్తిగా తేలలేదు. అటువంటి సీమలో ఉండి, ఆ మాటనే చెత్త అని నిర్ణయించాను!

2002లో పాల్ గ్రాహం చెత్త జాబుల వడపోత గురించి రాస్తూ, ఎవరి జల్లెడ వారి జాబుల నుంచే నేర్చుకోవాలన్నారు. ఒకరికి వంచకుని మాట మరొకరికి ఇంటిమాట కావచ్చు. వ్యాకరణంలో ఉత్సర్గమంటే సామాన్య నియమం. దాన్ని కాదనగలిగేది అపవాదం. జీవితమంతా బోధించిన ఈ సంగతి, నా సూత్రం దగ్గరే మరిచాను.

మర్నాడే బస్సెక్కాను. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రిలో ఆయన మంచం మీద ఉన్నారు. నన్ను చూసి లేవబోయారు.

“మావోడు రాసి సానా రోజులైనాది మాస్టారూ. పనుల్లో ఉన్నారనుకున్నాను” అన్నారు.

నా సూత్రం సంగతి చెప్పడానికి నోరు రాలేదు. ఆయన చేయి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఇంటికి వచ్చి ‘తొలగించు’ తీసేసి, అలాంటి జాబులకు ‘ఉద్దానం’ అని చీటీ అంటించమన్నాను. రోజూ ముందు తెరిచేది అదే. దొంగ జాబులూ అందులోకే వస్తున్నాయి. పలాస ఆడవాళ్ళు జీడిపప్పు ఏరినట్టు, ఒక్కొక్కటీ చేత్తో ఏరుకుంటున్నాను.