మడతచాకు

మన యిండ్లలో కత్తిపీటకు ఒక మూల కలదు. కత్తెరకు ఒక సొరుగు కలదు. జేబులో మడచి వేసికొను చిన్నచాకునకు మాత్రము స్థిరమైన చోటు లేదు. అది మనిషితోడనే తిరుగును. పని పడినప్పుడు చేతికి వచ్చును. పని తీరినప్పుడు మరల మడతలోనికి పోవును. ఇట్టి వినయముగల పనిముట్టును గుఱించి నాలుగు మాటలు వ్రాయుట ఈ సంచికకు తగనిది కాదని తలచుచున్నాను.

చాకు అనునది అచ్చతెలుగు మాట కాదు, పారసీకమునుండి వచ్చినది. నేను జీవితము గడిపిన షోలాపురములో మరాఠీ, కన్నడము, తెలుగు, ఉర్దూ ఒకే వీధిలో వినబడును. కూరగాయల పేర్లు భాషనుబట్టి మారుచుండును గాని, చాకు నాలుగింటను చాకే. ఏ భాషలో అడిగినను అంగడివాడు తడుముకొనకుండ తీసి యిచ్చును.

వ్రాతపనివారికిని చాకునకును గల చుట్టరికము చాల పాతది. తాటియాకులపై వ్రాసిన కాలమున దక్షిణదేశమందు గంటమును, ఆకు అంచులు సవరించు చిన్నకత్తియు ఒకే పిడిలోనికి మడచుకొనునట్లు చేసిన పనిముట్లు వాడుకలో నుండెను. ఐరోపాలో పక్షియీక కలముల మొన చెక్కుటకు వాడిన చాకునే ఇంగ్లీషువారు పెన్నైఫ్ అనిరి. ఈకకలము పోయినను పేరు మిగిలినది. కావున గుమాస్తా జేబులో చాకుండుట వింత కాదు; వృత్తిధర్మమే.

నూలు గిడ్డంగిలో లెక్కలు వ్రాసిన 34 ఏండ్లును చాకు నా జేబులోనే యుండెను. గోనెపట్టా కుట్లు విప్పుట, పురికొస త్రెంచుట, అట్టపెట్టెల మీది అంటుపట్టీ కోయుట, లక్కముద్ర విడదీయుట, పెన్సిలు చెక్కుట, మధ్యాహ్నము జామపండు నలుగురికి పంచుట, ఇవన్నియు దాని పనులే. ఒక్క పని మాత్రము నిషిద్ధము. ఖాతాపుస్తకములో తప్పుపడిన అంకెను చాకుమొనతో గీకి మాపరాదు. అడ్డగీత కొట్టి, సరియైన అంకెను పైన వ్రాసి, ప్రక్కన పొట్టిసంతకము చేయవలెను. పనిముట్టు ఎంత చక్కనిదైనను దానికొక మర్యాద కలదని గుమాస్తాగిరి మొదటి పాఠము నేర్పును.

1998లో మా గిడ్డంగికి కొత్తగా వచ్చిన యువకుడొకడు సంతలో పదునైదు రూపాయలకు కొన్న చాకు తెచ్చి చూపెను. “కాకా, గింత అగ్గువకు గిసొంటిది యాడ దొరుకుతది?” అని మురిసెను. అలగు మెఱయుచుండెను; పిడియు బాగుగనే యుండెను. నాలుగవనాడు గోనెపట్టాకు మొనతో రంధ్రము చేయబోగా అలగు ముడుచుకొని అతని చూపుడువ్రేలిపై పడెను. మూడు కుట్లు పడినవి. వ్రేలు మానుటకు ఇరువది దినములు పట్టినది. పని చేసిన దినములకే కూలి గనుక, ఆ ఇరువది దినములును అతని యింట పొయ్యి అప్పుతో వెలిగెను. పదునైదు రూపాయల చాకు అసలు వెల అప్పుడు తేలినది. తెగిన పోగును కంటిరెప్పపాటులో ముడివేయు వ్రేళ్లే మా ఊరి తెలుగువారిలో పెక్కుమందికి ఆస్తిపాస్తులు. అట్టి వ్రేళ్లకు అగ్గువ చాకు ఎంత ప్రియమో చెప్పనక్కఱలేదు.

అట్టి చాకులో అలగును నిలుపునది పిడి వెన్నునందలి స్ప్రింగు మాత్రమే. అంచుతో కోయునంతవఱకు భయము లేదు. ఆ ఒత్తిడియే అలగును తెఱచి యుంచును. మొనతో పొడిచినను, అలగు వెన్నుపై బరువు పడినను స్ప్రింగు లొంగిపోవును. కావున మొనతో పనిచేయువారికి తాళముగల చాకు అవసరము. కొన్నింట వెన్నునందలి కమ్మి అలగు మొదటి గంటులో పడి పట్టుకొనును. కొన్నింట పిడిలోపలి రేకు ప్రక్కకు జరిగి అలగు మడమకు అడ్డు నిలుచును.

తాళమనగానే ధనికుల సరకని భ్రమపడరాదు. ఫ్రాన్సు దేశమున సవోయి అను కొండసీమలో జోసెఫ్ ఒపినెల్ అనునతడు 1890లో కొయ్యపిడితో ఒక చాకు చేసెను. అది రైతులు, కూలివారు కొనదగిన సాదా వస్తువు. 1955లో ఆ యింటివారే పిడి మెడకు త్రిప్పుడుకట్టు ఒకటి అమర్చిరి. కట్టును త్రిప్పినంత అలగు కదలదు. అంతే, యంత్రమేమియు లేదు. నేటికిని ఆ చాకు పనివారి చాకుగనే చెల్లుచున్నది. పేదవాని వస్తువును భద్రముగా చేయుటకు ధనముకంటె ఆలోచనయే ముఖ్యమని దీనివలన తెలియుచున్నది.

ఇక ఉక్కు మాట. క్రోమియము నూటికి సుమారు 11 పాళ్లు, అంతకు మించి కలిసిన ఉక్కు తుప్పును చాలవఱకు ఓర్చుకొనును. సాదా ఉక్కు సులభముగా పదునెక్కును గాని, నిమ్మరసము తగిలిన నల్లబడును, తడి తగిలిన తుప్పుపట్టును. తుడిచి కుట్టుమిషను నూనె బొట్టు రాయు అలవాటున్నవారికి అదియే చాలును. పదును పెట్టుటకు అలగునకును రాతికిని నడుమ సుమారు 20 డిగ్రీల కోణముండవలెను. కొలమానము లేకున్న కాగితపు మూలను సగమునకు సగముగా రెండుమార్లు మడచి చూడుడు. 22న్నర డిగ్రీలు వచ్చును. రెండు ప్రక్కలను సమముగా నూఱవలెను. మొద్దుచాకును బలముగా నొక్కవలసి యుండును. నొక్కినప్పుడే చేయి జాఱును. గాయము చేయుటలో పదునుకంటె మొద్దుదనమే ముందు.

ఉత్తరప్రదేశములోని రాంపూరు చాకులకు ప్రసిద్ధి. సినిమాలలో దుండగుల చేతిలో చూపి చూపి ఆ యూరి పనివారి నేర్పునకు అపకీర్తి తెచ్చిరి. 2023లో ఆ యూరివారు తమ కూడలిలో సుమారు 20 అడుగుల చాకును నిలిపి, తమ వృత్తి దాచుకొనదగినది కాదని చాటిరి. అయినను జేబులో చాకు చూచి నలుగురు శంకించు కాలమిది. కావున పనివాడు చిన్నయలగు చాకునే ఉంచుకొనవలెను. మీట నొక్కగానే ఎగిరివచ్చు రకము జోలికి పోరాదు. విమానములో చేతిసంచిలో పెట్టరాదు. నలుగురిలో ఊరక తెఱచి ఆడరాదు. ఇంకొకరికి ఇచ్చునప్పుడు మడచియే ఇయ్యవలెను.

మన యువకులు చాకు కొనబోవునప్పుడు మెఱుగును చూడక మూడు పరీక్షలు చేయవలెనని నా మనవి. అలగును తెఱచి అటునిటు కదిపి చూడవలెను, వదులుండరాదు. తాళము వేసి, వ్రేళ్లు దారిలో లేకుండ, అలగు వెన్నును బల్లపై మెల్లగా తట్టవలెను, ముడుచుకొనరాదు. పిడిని గుప్పిట పట్టవలెను. నాలుగు వ్రేళ్లును నిలువవలెను. ఈ మూడింట నెగ్గినవానిలో వెల తక్కువదానిని కొనుడు. మిక్కిలి ప్రియమైనది పోవునను భయముతో పెట్టెలోనే యుండును. మిక్కిలి అగ్గువది చేతిని కోయును. నిర్భయముగా వాడదగినదే అందుబాటు వెలగల చాకు.