కనబడని నకారం



మీలో చాలామంది గణనయంత్రాలకు పని చెప్పే వృత్తిలో ఉన్నవారు. నేను తెలుగు పండిత శిక్షణ పొంది, ఉన్నత పాఠశాలలో సంధులూ సమాసాలూ బోధించి, ఇప్పుడు విశ్రాంత జీవితం గడుపుతున్నవాణ్ణి. మీ శాస్త్రాన్ని మీకు చెప్పబూనడం హనుమంతుని ముందు కుప్పిగంతులు వేయడమే. అయినా ఇంజనీరింగు చదువుతున్న మా మనవరాలి పుణ్యమా అని ఏడాదిగా ప్రోగ్రామింగు కొంత నేర్చుకుంటున్నాను. అందులో ‘టైపు’ అనే భావన దగ్గర నా పాత పాఠమే నాకు ఎదురైంది. ఆ సంగతి విన్నవించడానికే ఈ టపా.

టైపును ‘జాతి’ అనవచ్చు. తర్కశాస్త్రంలో ఆ మాటకు ఇంచుమించు ఇదే అర్థం. కాని మన దేశంలో జాతి అడగడం మర్యాద కాదు గనుక ‘రకం’ అంటాను.

ముందు నా పాఠం. ‘రాముని’ అనే పదాన్ని తీసుకోండి. ‘రాముని చూపు’ అన్నప్పుడు అది షష్ఠి. ‘రామునిఁ జూచి’ అన్నప్పుడు అది ద్వితీయ. విడిగా చూస్తే రెండు ‘రాముని’లకూ భేదం కనబడదు. కాని ద్వితీయలోని ‘ని’ వెనుక ఒక నకారం దాగి ఉంది. దానికి ద్రుతమని పేరు. వెంట పరుషాక్షరం రాగానే ఆ నకారం మేల్కొని, ‘చూచి’లోని చకారాన్ని జకారం చేసి, తాను అరసున్నగా మిగులుతుంది. ఇలా ద్రుతం గల పదాలు ద్రుతప్రకృతికాలు, లేనివి కళలు. బాలవ్యాకరణం చదివినవారికి ఇది కొత్త కాదు. మరొక పదంతో కలిసే వేళకు గాని పదం తన రకాన్ని బయటపెట్టదన్నది ఇందులోని విశేషం. మీ పరిభాషలో ఆ కలిసే వేళే రన్‌టైము.

ఇక యంత్రం సంగతి. సీ భాషలో ఒక 32 బిట్ల సముదాయం ఉందనుకోండి. పూర్ణసంఖ్యగా చదివితే 1065353216. అవే బిట్లను ‘ఫ్లోటు’గా, అంటే దశాంశ సంఖ్యగా చదివితే సరిగ్గా 1. ఏది నిజమో ఆ బిట్లలో రాసి ఉండదు. ఆ ఎరుక కంపైలరుకు ఉంటుంది. అది తన పని ముగించాక ప్రోగ్రాము నడిచే వేళ ఆ ఎరుక మిగలదు. వాక్యంలోంచి ఊడదీసి బల్లమీద పెట్టిన ‘రాముని’ వంటివే ఆ బిట్లు.

పైథాను పద్ధతి వేరు. అక్కడ ప్రతి వస్తువూ తన శిరస్సున తన రకం చిరునామాను మోసుకుని తిరుగుతుంది. ఎప్పుడు అడిగినా చెబుతుంది. ఆ రకం కూడా ఒక వస్తువే. మరి రకానికి రకం ఏమిటని మా మనవరాలిని అడిగాను. “టైప్, తాతయ్యా” అంది. దానికో? “దానికీ టైపే. అక్కడితో ఆగిపోతుంది.” నాకు తార్కికులు గుర్తుకువచ్చారు. జాతికి మళ్ళీ జాతిని ఒప్పుకుంటే అంతు లేని వరుస ఏర్పడుతుందని, అనవస్థా దోషమని, వారు దానిని నిరాకరించారు. పైథాను వారు ఆ వరుసను చివర ముడివేసి ఊరుకున్నారు.

రకాల పేర్లలోనూ వినోదం ఉంది. జీసీసీతో సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాము నడుపుతూ పూర్ణసంఖ్య రకం పేరు అడిగితే ‘ఐ’ అని ఒక్క అక్షరం చెబుతుంది. జావాలో పూర్ణసంఖ్యల వరుసను అడిగితే, తెరిచి మూయని చదరపు బ్రాకెట్టు ఒకటీ, దాని ప్రక్కన పెద్ద ‘ఐ’ ఒకటీ ఇస్తుంది. మా మనవరాలు నవ్వింది గాని నాకు నవ్వు రాలేదు. పాణిని పెట్టిన ‘టి’, ‘ఘు’, ‘భ’ అనే సంజ్ఞలు ఇంతకంటె పెద్దవా? మనం ఓనమాలతో నేర్చే ‘అచ్చు’, ‘హల్లు’ కూడా ఆయన ప్రత్యాహారాలే. శాస్త్రానికి కావలసింది లాఘవం.

పైథాను మూడవ అవతారంలో తెలుగు పేర్లూ చెల్లుతాయి. ‘పద్యం’ అని ఒక క్లాసు రాసి, దాని వస్తువును రకం పేరు అడిగితే ‘పద్యం’ అనే తెలుగులో బదులిచ్చింది. ఆ పూట నాకు కలిగిన సంతోషం చెప్పనలవి కాదు. ఛందస్సులో ఆ పేరుకు రెండే అక్షరాలు, రెండూ గురువులే. పొడవు అడిగితే పైథాను 5 అంది. వత్తునూ సున్ననూ విడివిడిగా లెక్కించుకుంటుందట. సీ ప్లస్ ప్లస్‌లో జీసీసీ వంటివి క్లాసు పేరుకు ముందు దాని పొడవును చేర్చి దాచుకుంటాయి. ఆ లెక్క బైట్లలో గనుక అక్కడ ‘పద్యం’ ముందు 15 పడుతుంది. పేరు ఒకటే, కొలిచేవారి కొలమానాలు మూడు.

ఒకసారి లోకంలో పడ్డ పేరును వెనక్కు తీసుకోవడం ఎంత కష్టమో జావాస్క్రిప్టు చెబుతుంది. 1995 నాటి తొలి రూపంలో ప్రతి విలువకూ కొన్ని బిట్ల గుర్తు ఉండేది. ‘ఆబ్జెక్టు’, అంటే వస్తువు అనే రకానికి గుర్తు సున్నలు. ‘ఏమీ లేదు’ అని తెలిపే ‘నల్’ విలువ కూడా అన్నీ సున్నలే. అందుచేత నల్‌ను నీ రకమేమని అడిగితే ‘ఆబ్జెక్టు’ అంటుంది, నేటికీ. సరిదిద్దితే దానిమీద ఆధారపడ్డ పాత పేజీలు చెడతాయని అలాగే ఉంచారు.

పాతవాటిని చెడగొట్టకూడదన్న ఈ భయమే జావాలో మరొక నిర్ణయానికి దారితీసింది. నా మనసుకు తగిలింది అదే. 2004లో వచ్చిన జావా 5లో ‘అంకెల జాబితా’, ‘మాటల జాబితా’ అని వేరువేరుగా ప్రకటించే వీలు కల్పించారు. కంపైలరు వాటిని జాగ్రత్తగా పరీక్షిస్తుంది. పరీక్ష కాగానే ఆ విశేషణాన్ని తుడిచేస్తుంది. నడిచే వేళ జాబితాను అడిగితే ‘నేను జాబితాను’ అంటుందే గాని, వేటి జాబితానో చెప్పలేదు. అంతకుముందు రాసిన ప్రోగ్రాములు కొత్తవాటితో కలిసి నడవాలని అలా చేశారు. 2005లో డాట్ నెట్ 2.0 వారు ఆ విశేషణాన్ని నిలుపుకున్నారు. అందుకోసం పాత జాబితాల సరసన కొత్త జాబితాలను వేరుగా కట్టవలసివచ్చింది. రెండూ బేరాలే. జావాలో ఆ రకం తరువాత కావలసినవారు దానిని ప్రత్యేకంగా వెంట తెచ్చుకుని అందించాలి.

మన భాషలోనూ ఇటువంటి బేరమే జరిగింది. వాడుక భాష ఉద్యమం తరువాత అరసున్న అచ్చులోంచి క్రమంగా తప్పుకుంది. చదువు పదిమందికీ అందింది. అందుకు నాకు సంతోషమే. పైగా వాడుక భాష తెలివైనది. ద్రుతం పోయినా ‘రాముడి చూపు’, ‘రాముణ్ణి చూసి’ అంటూ రకాన్ని పదంలోనే పైకి చెప్పుకుంటుంది. నష్టం పాత పద్యానికి వచ్చింది. పునర్ముద్రణల్లో ‘రామునిఁ జూచి’ కాస్తా ‘రాముని జూచి’ అవుతోంది. గుర్తు పోయి, దాని ఫలితం మాత్రం మిగిలింది. పిల్లలు ‘జూచి’ అనే క్రియ ఒకటి ఉందనుకుంటారు. పద్యాలు రాసే ఉత్సాహవంతులు కొందరు, జకారం పెడితే ప్రౌఢంగా ఉంటుందని ‘వచ్చి జూచి’ అంటున్నారు. ‘వచ్చి’ కళ; అక్కడ నకారమే లేదు.

“ఇవన్నీ ఎందుకు మాస్టారూ, పరీక్షలో రెండు మార్కులే కదా” అని నా విద్యార్థులు అడిగేవారు. పరీక్షకైతే రెండు మార్కులే. కాని జావా కంపైలరు పరీక్షించాకే తుడుస్తుంది. మన పద్యాలకు ఆ కంపైలరు స్థానంలో ఉన్నది బడిలోని వ్యాకరణ పాఠం. గుర్తునూ తుడిచి, పాఠాన్నీ తీసేస్తే, ఆ పంక్తిలో ఏ పదం ఏ రకమో రేపు అడిగినా చెప్పేవారుండరు.

కాబట్టి మిత్రులకు ఒక విన్నపం. పాత కావ్యాలను ఓపికగా టైపు చేసి అంతర్జాలంలో పెడుతున్నవారు మీలో ఎందరో ఉన్నారు. మూలంలో అరసున్న కనబడితే వదిలివేయకండి. యూనికోడులో దానికంటూ ఒక స్థానం ఉంది. అక్కరలేనివారు చదివేటప్పుడు దాటివేస్తారు. కావలసినవారు మాత్రం లేనిదాన్ని ఎక్కడినుంచి తెచ్చుకుంటారు?

నా పోలికలో శాస్త్రదోషం ఉంటే వ్యాఖ్యలలో తెలుపగలరు. మా మనవరాలు చదివి నాకు అర్థమయ్యేలా చెబుతుంది.

స్వస్తి.