పదేళ్ళు అమ్మాం, కాగితం మీద కిలో కూడా అమ్మలేదు

పసుపు పొడి బయట దేశం పంపే పని ఏమైందని చాలామంది అడుగుతున్నారు. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మనందరికీ పనికొచ్చేదే.

మా లంక ఊళ్ళో ఏడుగురు రైతులం కలిసి పసుపు పొడి ఆడిస్తున్నాం. కొమ్ము ఉడకబెట్టి, కళ్ళంలో ఎండబెట్టి, పాలిష్ పట్టించి, మర ఆడించి విజయవాడ వన్ టౌన్‌లో ఒక సేటు గారి కొట్టుకి వేస్తాం. పదేళ్ళు దాటింది. నిరుడు సంక్రాంతికి దుబాయ్ నుంచి వచ్చిన మా ఊరి కుర్రాడు "బాబాయ్, అక్కడ మనవాళ్ళ కొట్టుకి మూడొందల కిలోలు కావాలంట, ఈ కాగితాలు ఉంటే చాలు" అని ఫోన్లో ఒక లిస్టు చూపించాడు. అందులో ఒకటి ఫ్రీ సేల్ సర్టిఫికెట్.

"ఫ్రీగా ఇవ్వాలంటనా?" అన్నాడు మా బావ. శాంపిల్ సంగతేమో అని నేనూ అనుకున్నా. మాలో ఇంటర్ దాకా చదివింది నేనే కాబట్టి తిరగడం నా వంతయింది.

తిరిగి తెలుసుకున్నది ఇదీ. ల్యాబ్ రిపోర్టు ఆ శాంపిల్‌లో ఏముందో చెబుతుంది. ఫైటో సర్టిఫికెట్ పురుగూ తెగులూ లేదని చెబుతుంది. ఆరిజిన్ సర్టిఫికెట్ సరుకు ఏ దేశంలో పుట్టిందో చెబుతుంది. ఫ్రీ సేల్ చెప్పేది వేరు. ఈ సరుకు వీళ్ళ సొంత దేశంలో చట్టప్రకారం, ఏ అడ్డూ లేకుండా అమ్ముడుపోతోంది అని. పిల్లనిచ్చే ముందు అబ్బాయి గురించి వాళ్ళ ఊళ్ళో వాకబు చేస్తాం చూడండి, అలాంటిదే. నీ ఊరివాళ్ళు తినంది మాకెందుకు పంపుతున్నావని వాళ్ళు అడుగుతున్నారు. అడగడంలో తప్పు లేదు. 2003లో మన దేశం మిరప పొడిలో సూడాన్ రంగు యూరప్‌లో పట్టుబడింది. 2024లో కొన్ని మసాలా పొడుల్ని సింగపూర్, హాంకాంగ్ ఆపేశాయి. అప్పట్నుంచి మన సరుకంటే ఇంకో రెండు ప్రశ్నలు ఎక్కువ అడుగుతారు.

మందులకైతే డ్రగ్స్ కంట్రోల్ వాళ్ళ దారి వేరు. మనలాంటి సరుకుకి ఈ సర్టిఫికెట్ ఇచ్చేది కేంద్రం వాళ్ళ విదేశీ వాణిజ్య డైరెక్టరేట్, డీజీఎఫ్‌టీ అంటారు. అర్జీ ఆన్‌లైన్‌లోనే. దానికి ముందు ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ కోడ్ ఉండాలి, అదీ వాళ్ళే ఇస్తారు, ఫీజు 500 రూపాయలు. ఎగుమతి చేసేవాళ్ళకి ఫుడ్ సేఫ్టీలో చిన్న రిజిస్ట్రేషన్ సరిపోదు, సెంట్రల్ లైసెన్సు కావాలి. పసుపు కాబట్టి స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ కూడా కావాలి. ఇవన్నీ ఫీజు కట్టి, తిరిగితే వచ్చేవే.

మేము చిక్కుకుంది అక్కడ కాదు. సరుకు ఇక్కడ అమ్ముతున్నామని మా ఆడిటర్ గారు సంతకం పెట్టాలి. "మీ అమ్మకం బిల్లులు తెండి" అన్నారాయన. మా దగ్గర ఉన్నవి తెల్ల చీటీలు. కిలోలు, రేటు, కింద మొత్తం. ఎవరు అమ్మారో, ఎవరు కొన్నారో, ఏ సంవత్సరమో లేదు. పదేళ్ళు అమ్మాం. కాగితం మీద ఒక్క కిలో కూడా అమ్మలేదు.

ఈలోగా ఒక ఏజెంటు తగిలాడు. పాతిక వేలు ఇస్తే రెండేళ్ళ బిల్లులు తనే పుట్టిస్తానన్నాడు. నిజం చెబుతున్నా, మాలో నలుగురం సరే అన్నాం. ఆ నలుగురిలో నేనూ ఉన్నా. అమ్మిన మాట నిజమే కదా, కాగితం ఒక్కటే కదా అబద్ధం అనుకున్నాం.

సేటు గారు తన కొట్టు పేరు వాడుకోనిస్తే చాలని వన్ టౌన్ వెళ్ళా. ఆయన లోపలికెళ్ళి పాత ఖాతా పుస్తకం తెచ్చి చూపించారు. అందులో మా ఏడుగురి పేర్లు ఎక్కడా లేవు. "లంక పసుపు" అని ఉంది, అంతే. "ఇన్నేళ్ళలో ఎప్పుడన్నా బిల్లు అడిగావా? పన్ను తప్పుతుందని నువ్వూ ఊరుకున్నావు, నేనూ ఊరుకున్నాను. ఇవాళ్టి నుంచి రాయమంటే రాస్తా. వెనక తేదీ వెయ్యను" అన్నారు. అర్జీలో సంతకం పెట్టాల్సింది నేను. అది అప్పటిదాకా నా బుర్రకి తట్టలేదు. ఏజెంటుకి ఫోన్ చేసి వద్దన్నా.

ఆ ఆర్డరు పోయింది. ఇంట్లోనూ గ్రూపులోనూ మాటలు పడ్డా.

ఇంకో మాట కూడా చెప్పాలి. దుబాయ్‌కి మంచి పొడి కడదాం, వన్ టౌన్‌కి పాలిష్‌లో కాస్త రంగు కలిపింది వేద్దాం అన్నాడు మాలో ఒకడు. పసుపుకి వేసే ఆ పచ్చరంగుల్లో లెడ్ క్రోమేట్ ఒకటి, అంటే సీసం. మన చట్టంలో అది అసలు ఉండకూడదు, పొడిలో కుర్కుమిన్ రెండు శాతానికి తగ్గకూడదు. ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి చేసేవాడికి ఫ్రీ సేల్ అడిగే ముఖం ఎక్కడిది? ఇక్కడ కొనేది మన పిల్లలే కదా.

ఇప్పుడు జీఎస్టీ నంబరు ఉంది, లైసెన్సు వచ్చింది, ప్యాకెట్ మీద బ్యాచ్ నంబరు వేస్తున్నాం. పద్నాలుగు నెలల బిల్లులు ఫైల్లో ఉన్నాయి. మొన్న వాటిని ముందు పెట్టుకుని ఆడిటర్ గారు సంతకం చేశారు. అర్జీ పెట్టాం. ఇంకా రాలేదు. వస్తే ఇక్కడే రాస్తా, రాకపోయినా రాస్తా.

మీరు ఎగుమతి చేసినా చెయ్యకపోయినా ఒక్క పని చెయ్యండి. పసుపైనా, మినుమైనా, మామిడైనా, ఈసారి కాటా దగ్గర మీ పేరుతో బిల్లు అడగండి. ఇవ్వనంటే కనీసం చీటీ మీద తేదీ, మీ పేరు, కొట్టు ముద్ర వేయించుకోండి. ఇవాళ దాంతో పనేముంది అనిపిస్తుంది. నాకూ పదేళ్ళ కిందట అలాగే అనిపించింది.