గళానికి తగిన గుళిక

స్వరమంటే వ్యాకరణంలో అచ్చు. సంగీతంలో షడ్జమాదులలో ఒకటి. వాడుకలో మనిషి గొంతు. ఈ మూడింటినీ చెడకుండా పట్టి నిలిపే మైకు ఏదన్న ప్రశ్న, ముప్పది యేండ్లు సంధులూ సమాసాలూ చెప్పిన నావంటి వానికి ఎందుకు కలిగిందని చదువరులు అనుకోవచ్చు. కారణం మా అక్కయ్య. ఆమెకు 83 యేండ్లు. మా అమ్మమ్మ వద్ద నేర్చిన పెండ్లిపాటలు, మేలుకొలుపులు, మంగళహారతులు నేడు ఆమె కంఠంలో తప్ప మరెక్కడా లేవు. సాహిత్యమంతా కాగితం మీద వ్రాసికొన్నాను. వరుసను ఏ లిపిలో వ్రాయను?

కండెన్సరు మైకులో అతిపలుచని పొర ఒకటి, దాని వెనుక ఒక లోహఫలకం ఉంటాయి. శబ్దానికి పొర కదలినప్పుడు రెండింటి నడుమ దూరం మారుతుంది. ఆ మార్పే విద్యుత్సంకేతమవుతుంది. ఈ భాగాన్ని క్యాప్సూలంటారు. నేను గుళిక అంటాను, వైద్యుడిచ్చేది కాదని మనవి. దీని క్రింది గొట్టంలో, బలహీనమైన ఆ సంకేతాన్ని తీగ వెంట పంపదగినట్లు మార్చే ఏర్పాటు ఉంటుంది. కొన్ని మైకులలో గుళికను మర విప్పి తీసి, వేరొకటి బిగించుకోవచ్చు. దేహం ఒకటే, శిరస్సులు వేరు. వినాయకుని కథ తెలిసిన మనకు ఇది వింత కాదు.

ఈ పద్ధతి పాతదే. 1928లో బెర్లిన్‌లో ఆరంభమైన నాయ్‌మన్ సంస్థ సీసా ఆకారంలో చేసిన తొలి మైకుకు, తరువాతి రూపంలో మార్చుకోదగిన శిరస్సులు వచ్చాయి. జర్మనీవారి షోప్స్ కోలెట్ శ్రేణి ఈ పద్ధతికి పేరు పొందినది. ధర మాత్రం పింఛనుదారుకు అందదు. రష్యాలోని తూలా నగరపు ఆక్టావా ఎంకే-012కు మూడు రకాల గుళికలున్నాయి. ఆస్ట్రేలియావారి రోడ్ ఎన్‌టీ55 రెండు గుళికలతో వచ్చిన మైకు.

గుళిక మార్చితే ఏమి మారుతుంది? మైకు ఏ దిక్కు శబ్దాన్ని వింటుందన్నది మారుతుంది. కార్డియాయిడ్ గుళిక హృదయాకారంలో ముందువైపు బాగా వింటుంది, వెనుకవైపు దాదాపు వినదు. అందుచేత వీధి కిటికీ మైకుకు వెనుక ఉండేటట్లు అమర్చుకోవాలి. హైపర్‌కార్డియాయిడ్ ఇంకా ఇరుకైనది. కాని వెనుకనుండి కొంత వింటుంది. ఆమ్నీ గుళిక అన్ని దిక్కులా సమంగా వింటుంది. గది ప్రతిధ్వని ఒకే పాలులో వినబడాలంటే, ఆమ్నీ ఒక అడుగు దూరంలో ఉన్నచోట కార్డియాయిడ్‌ను సుమారు 1.7 అడుగుల దూరంలో ఉంచవచ్చు.

ఇక్కడ తెలుగు పండితునికి పని పడింది. కార్డియాయిడ్‌కు నోరు దగ్గరైనకొద్దీ మంద్రధ్వని అసహజంగా పెరుగుతుంది. పైగా పకార, ఫకార, భకారాలు పలికినప్పుడు పెదవుల నుండి వెలువడే గాలి తగిలి ‘ధబ్’ మంటుంది. ఆమ్నీకి ఆ మంద్రదోషం లేదు. గాలిపెట్టుకూ అంతగా అదరదు. పరుషసరళ భేదం, అల్పప్రాణ మహాప్రాణ భేదం చెడకూడదనుకొనే పాటకు ఇది చిన్న విషయం కాదు. మా అక్కయ్య పాడేటప్పుడు తల అటూ ఇటూ ఊపుతుంది. ఊపవద్దంటే పాటే ఆగిపోతుంది. ఆమె కొరకు మధ్యాహ్నపు నిశ్శబ్దంలో, పంకా ఆపి, గోడలకు బొంతలు వ్రేలాడదీసి, జానెడు దూరంలో ఆమ్నీ. సాయంకాలం వీధి సందడిలో కార్డియాయిడ్, నోటికి కాస్త ప్రక్కగా. ఒకే దేహం, రెండు గుళికలు చాలును.

కొనేవారు కొన్ని సంగతులు గమనించాలి. ఒక సంస్థ గుళిక మరొక సంస్థ దేహానికి సాధారణంగా సరిపడదు. కనుక కొనబోయే దేహానికి ఏయే గుళికలు దొరుకుతాయో ముందే విచారించాలి. మైకుకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇచ్చే ఆడియో ఇంటర్‌ఫేస్ కావాలి. గుళిక మార్చే ముందు ఆ విద్యుత్తును ఆపాలి. లోపలి స్పర్శబిందువులను వ్రేళ్ళతో తాకరాదు. తేమ ఈ జాతి మైకులకు శత్రువు. కోస్తా ఊళ్ళలోనివారు గాలి చొరని డబ్బాలో సిలికాజెల్ పొట్లాలతో భద్రపరచుకోవాలి.

చివరగా ఒక్క మాట. నెలల తరబడి మైకులను పోల్చిచూడడంలో ఒక సుఖమున్నది. ఆ సుఖానికి పాడేవారి వయస్సు ఆగదు. మీ ఇంట అటువంటి కంఠమొకటి ఉంటే, మంచి మైకు వచ్చేవరకు చేతిలోని ఫోనులోనైనా పట్టుకోండి. ఆ తరువాత గుళికలు మార్చుకుంటూ మరల పాడించుకోవచ్చు. గుళిక మారుతుంది కాని, గళం మారదు గదా.