కండరాలకూ ఒక చూపు ఉన్నది

కరెంటు పోయి ఇల్లంతా చీకటి అలముకున్నా, మీ చేతిలోని అన్నం ముద్ద నేరుగా నోటినే చేరుతుంది. ఇది ఎలా సాధ్యమో ఎప్పుడైనా ఆలోచించారా? చేయి ఎక్కడ ఉన్నదో, మోచేయి ఎంత వంగినదో ఆ క్షణాన కన్ను చెప్పదు. ప్రధానంగా కండరాలే చెబుతాయి.

కండరపు పోగుల నడుమ కదురు ఆకారంలో సూక్ష్మమైన గ్రాహకాలు ఉంటాయి. కండరం ఎంత సాగినదో, ఎంత వేగంగా సాగుతున్నదో అవి నాడుల ద్వారా వెన్నుపాముకు, మెదడుకు ఎడతెగక తెలియజేస్తాయి. కండరం టెండాన్‌తో కలిసే చోట ఉండే మరికొన్ని గ్రాహకాలు బిగువును కొలుస్తాయి. ఈ జ్ఞానానికి బ్రిటిష్ శాస్త్రవేత్త చార్లెస్ షెరింగ్టన్ 1906లో ప్రోప్రియోసెప్షన్ అని పేరు పెట్టారు.

ఇది లోపిస్తే ఏమవుతుందో ఇయాన్ వాటర్‌మన్ జీవితం చెబుతుంది. 1971లో, 19 ఏళ్ళ వయసులో, ఒక జబ్బు తరువాత ఆయన మెడ దిగువన ఈ జ్ఞానాన్ని, స్పర్శను కోల్పోయారు. కండరాల బలం తగ్గలేదు, అయినా నిలబడలేకపోయారు. ప్రతి కదలికనూ కంటితో చూసుకుంటూ నడక మళ్ళీ నేర్చుకున్నారు. దీపం ఆరితే మాత్రం కూలిపోయేవారు.

అంత తీవ్రంగా కాకపోయినా, ఈ లోపం మన ఇళ్ళలోనూ ఉంటుంది. అందుకే నా వద్దకు వచ్చిన పెద్దవారిని ఒక ప్రశ్న తప్పక అడిగేవాడిని: "సబ్బు రాసుకుని కళ్ళు మూసుకున్నప్పుడు తూలుతున్నారా?" పగలు చక్కగా నడిచేవారిలో కొందరు అవునని తల ఊపేవారు. పాదాల నుండి వార్త సరిగా అందనప్పుడు ఆ లోటును కన్ను పూరిస్తుంది. కన్ను మూయగానే లోపం బయటపడుతుంది.

దీనికి దీర్ఘకాలపు మధుమేహం ఒక కారణం, విటమిన్ బి12 లోపం మరొకటి. పాలు కూడా అంతగా తీసుకోని శాకాహారులలోను, చాలా ఏళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారిలోను బి12 తగ్గే అవకాశం ఎక్కువ. రక్తపరీక్షతో దీనిని గుర్తించవచ్చు. తొలిదశలో చికిత్స చేస్తే నాడులు చాలావరకు కోలుకుంటాయి. ఆలస్యమైతే ఆ నష్టం శాశ్వతం కావచ్చు.

మీ తల్లిదండ్రులను ఈ ప్రశ్న నేడే అడగండి. తూలుతున్నామంటే "వయసు మీద పడింది" అని సరిపెట్టుకోక వైద్యునికి చూపించండి. ఈలోగా స్నానాలగదిలో పట్టుకునేందుకు ఒక కమ్మీ, రాత్రివేళ నడిచే దారిలో ఒక చిన్న దీపం అమర్చండి. తుంటి ఎముక విరిగి మంచాన పడడం కంటే ఇది ఎంతో తేలిక.